పిట్టకు ఎత్తే చిరునామా

పంగోట్‌లో కోడికన్నా ముందు లేచే పిట్ట ఒకటుంది. ఆకాశంలో చుక్కలు ఇంకా మాయవు, లోయ అడుగున చీకటి ఇంకా కదలదు, అప్పటికే వాగు వైపు నుంచి ఈల మొదలవుతుంది. దానికి పల్లవి అంటూ లేదు. నాలుగు స్వరాలు పైకి పోతాయి, రెండు కిందికి జారతాయి. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ ఇంకో దారిలో ఇంకో నాలుగు. రాళ్ళ మీద పడి లేచే నీళ్ళ హోరును కోసుకుంటూ వచ్చి ఆ ఈల నేరుగా చెవిలో పడుతుంది.

"బైనాక్యులర్ మెడలోనే ఉండనివ్వండి సర్‌జీ, చీకట్లో దానికేం పని?" అన్నాడు దారి చూపడానికి వచ్చిన ఊరి కుర్రాడు. టార్చిలైటు కూడా ఆర్పేశాడు. ఈల ఎటు నుంచి వస్తోందో చెవితోనే పట్టి, వాగు మీది చిన్న వంతెన దగ్గర నన్ను నిలబెట్టాడు. తూర్పు కాస్త పలచబడేసరికి నీళ్ళ మధ్య బండ మీద ఒక నల్లటి ఆకారం తేలింది. గోరింకకన్నా పెద్దది. పసుపు ముక్కు. తోకను విప్పుతోంది, మూస్తోంది. వెలుతురు ఇంకొంచెం పెరిగాక ఆ నలుపు నలుపు కాదని తెలిసింది. ఒళ్ళంతా ముదురు నీలం, ఆ నీలం మీద సన్నటి మెరుపు చుక్కలు.

పుస్తకాల్లో దీని పేరు బ్లూ విజ్లింగ్ థ్రష్. మనం నీలి ఈలపిట్ట అనుకుందాం. అందరికన్నా ముందు ఇది గొంతు విప్పడానికి కారణముంది. వేకువ పాటల మీద పరిశోధనలు చేసినవాళ్ళు, కళ్ళు పెద్దవిగా ఉన్న జాతులే ముందు మొదలుపెడతాయని కనిపెట్టారు. మసక వెలుతురులోనూ వాటికి చుట్టుపక్కల ఏముందో కనిపిస్తుంది గనుక భయం తక్కువ. పురుగు వెతుక్కోవడానికి ఆ వెలుతురు చాలదు. 'ఈ వాగు నాది' అని చాటుకోవడానికి మాత్రం చాలు. గాలి కదలని వేళ కాబట్టి గొంతు దూరం పోతుంది.

ఇక నీళ్ళ హోరు సంగతి. వాగు చప్పుడులో బరువు శబ్దమే ఎక్కువ. దాన్ని దాటి వినబడాలంటే గొంతు సన్నగా, పదునుగా ఉండాలి. కొండవాగుల దగ్గర కాపురం చేసే పిట్టల్లో చాలావాటిది ఇలాంటి గొంతే. పైగా పిట్టల స్వరపేటిక ఊపిరి గొట్టం రెండుగా చీలే చోట ఉంటుంది. రెండు పాయలూ దేనికది పలకగలవు. పాడే పిట్టల్లో చాలావాటికి ఈ విద్య అబ్బింది. ఒక్క గొంతులోంచి రెండు స్వరాలు ఒకేసారి వచ్చినట్టు అనిపిస్తే అది మన చెవి భ్రమ కాకపోవచ్చు.

పాట అయ్యాక పని. ఈలపిట్ట నీటి అంచుకు దిగి ఒక నత్తను ముక్కున కరుచుకొచ్చింది. బండ అంచుకు వేసి కొట్టింది. గుల్ల చిట్లలేదు. పట్టు మార్చుకుని, తల వెనక్కి తీసి మళ్ళీ కొట్టింది. ఈసారి పగిలింది. లోపలి మెత్తటి కండ మింగేసి, ముక్కును రాతికి అటూ ఇటూ రాసి తుడుచుకుంది. ఆ బండ చుట్టూ పాత గుల్లలు చాలానే పడి ఉన్నాయి. నచ్చిన రాయి దొరికితే ఈ పిట్ట దాన్ని వదలదు, నత్త దొరికినప్పుడల్లా అక్కడికే తెస్తుంది.

దీని దక్షిణాది చుట్టం మలబార్ విజ్లింగ్ థ్రష్. ఇంగ్లీషువాళ్ళు దానికి 'ఈలవేసే బడిపిల్లాడు' అని ముద్దుపేరు పెట్టారు. పశ్చిమ కనుమల్లోనే కాదు, మన తూర్పు కనుమల అడవుల్లోనూ అది ఈల వేస్తుంది.

కొండకు మెట్లున్నాయి

పంగోట్ ఉత్తరాఖండ్‌లో, కుమావూ కొండల్లో, నైనీతాల్‌కు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. సరస్సు చుట్టూ ఉండే సందడి దాటి, కిల్బరీ అడవిలో మెలికలు తిరిగే రోడ్డు మీద వస్తే, సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున కొండవాలును పట్టుకుని కొన్ని ఇళ్ళు కనిపిస్తాయి. వాటి కింద అంచెలంచెలుగా దిగే బంగాళాదుంప మడులు, బఠాణీ మడులు. చుట్టూ బాంజ్ చెట్లు. అంటే ఈ కొండల ఓక్. ఆకు పైన ముదురు పచ్చ, అడుగున తెలుపు. గాలి వీచినప్పుడల్లా అడవి రంగు మారుతుంది. వాటి నడుమ ఎర్రగా పూసిన బురాంశ్, అక్కడక్కడా దేవదారు. ఈ అడవులను కలిపి 2015లో నైనాదేవి హిమాలయ పక్షి సంరక్షణ రిజర్వుగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 112 చదరపు కిలోమీటర్లు.

ఈ ఊరికి పిట్టల ఊరని పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే కింది నుంచి పైకి రావాలి. రైలు కాఠ్‌గోదాంలో ఆగిపోతుంది. అక్కడ ఎత్తు దాదాపు 550 మీటర్లు. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు పట్టుకున్న కారు ఒక్క పూటలోపే 1,450 మీటర్లు పైకెక్కేస్తుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కాఠ్‌గోదాంలో చొక్కా తడిసిన మనిషి పంగోట్‌లో స్వెట్టర్ వెతుక్కుంటాడు. మనిషికి స్వెట్టరుంది. చెట్టుకు లేదు, పురుగుకు లేదు. అందుకే అడుగున సాల వృక్షాల అడవి, కాస్త పైన చీడ్ అనే పైన్ చెట్లు, ఆ పైన బాంజ్, ఇంకా పైకి పోతే ఫర్ చెట్లు. ఏ అడవి పురుగులు ఆ అడవివి, ఏ అడవి పళ్ళు ఆ అడవివి. వాటి కోసం ఏ అడవి పిట్టలు ఆ అడవివి. కొండంతా ఒక మెట్లదారి. మెట్టు మెట్టుకూ వేరే కాపురం.

నీలి మాగ్‌పైలను చూస్తే ఈ లెక్క చప్పున అర్థమవుతుంది. కాకి కులంలో పుట్టి, ఒంటికి మించిన తోక ఈడ్చుకుంటూ తిరిగే అందగాళ్ళు ఇవి. పంగోట్‌కు కిందగా, 1,370 మీటర్ల ఎత్తున ఉన్న సాత్‌తాల్ సరస్సుల దగ్గర కనిపించేదానిది ఎర్ర ముక్కు. పంగోట్ బాంజ్ అడవిలో కనిపించేదానిది పసుపు ముక్కు. రెండూ వేర్వేరు జాతులు. మధ్యలో కొంత మేర రెండూ ఎదురుపడతాయి గానీ, కింది మెట్టు ఎర్రముక్కుది, పై మెట్టు పసుపుముక్కుది. ముక్కు చూసి మనం ఎంత ఎత్తున ఉన్నామో అంచనా కట్టొచ్చు.

పిగిలిపిట్టలూ అంతే. మన పెరట్లో గోరింటాకు పొదలో గూడు కట్టే పిగిలిపిట్ట హిమాలయాల పాదాల దగ్గరా ఉంటుంది. కాస్త ఎత్తుకు పోతే బుగ్గలు తెల్లగా, జుట్టు ముందుకు వంపు తిరిగి, హిమాలయ పిగిలిపిట్ట కనిపిస్తుంది. ఇంకా పైన, బాంజ్ కొమ్మల్లో, ఎర్ర ముక్కు నల్ల పిగిలిపిట్టలు గుంపులుగా గోల చేస్తుంటాయి. ఒకే కులం, మూడు మెట్లు.

చలికాలం వచ్చిందంటే ఈ మెట్లకు ఇంకో పని పడుతుంది. వలస అనగానే మనకు సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే కొంగలూ బాతులూ గుర్తొస్తాయి. ఇక్కడి పిట్టల్లో చాలావాటికి అంత ప్రయాణం అక్కర్లేదు. తెల్లటోపీ రెడ్‌స్టార్ట్ వేసవిలో మంచు కరిగే వాగుల దగ్గర గూడు కట్టుకుంటుంది. చలి ముదరగానే కొండ దిగి, కార్బెట్ అడవుల పక్కన కోసీ నది రాళ్ళ మీద తోక ఊపుతూ కూర్చుంటుంది. వేల కిలోమీటర్లు పోయి వెతుక్కోవలసిన వెచ్చదనం దానికి కొన్ని మెట్లు దిగితే దొరుకుతుంది. పంగోట్ లాంటి ఊరు ఆ మెట్లకు నట్టనడుమ ఉంది. పైకి పోయేవాళ్ళూ కిందికి దిగేవాళ్ళూ దీని గుమ్మం ముందు నుంచే పోవాలి.

వినాయక్ వాలు మీద జంట

తెల్లగా తెల్లవారకముందే జీపు వినాయక్ అనే చోటికి పోయే దారి పట్టింది. పంగోట్ దాటాక అడవి పలచబడుతుంది. రోడ్డుకు ఒక పక్క నిటారు వాలు. రాళ్ళు, రాళ్ళ మధ్య మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా పొదలు. ఉత్తరాన మబ్బు లేకపోతే మంచు కొండలు వరసగా నిలబడి కనిపిస్తాయి. ఆ రోజు కనిపించాయి. కానీ కుర్రాడు వాటి వైపు తల తిప్పలేదు. అతని చూపంతా గడ్డి మీదే.

లోయలోంచి ఒక కూత లేచింది. దాన్ని ఇంకో కూత అందుకుంది. రెండూ పెనవేసుకుని వేగం పెరిగి, ఒక్కసారిగా ఆగాయి. చీర్ ఫెజెంట్ జంట అది. నెమలికీ అడవికోడికీ దగ్గరి చుట్టం. మగదీ ఆడదీ కలిసి కూయడం వీటి అలవాటు.

చాలాసేపు గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత గడ్డే కదిలినట్టయింది. బూడిదా గోధుమా కలిసిన ఒళ్ళు, ఆ ఒంటి మీద నల్లటి గీతలు. కంటి చుట్టూ ఎర్రటి చర్మం. తల మీంచి వెనక్కి వాలిన సన్నటి జుట్టు. వెనక చారల చారల పొడవు తోక. పక్కనే రెండోది. ఒకటి తల దించి ముక్కుతో మట్టి తవ్వసాగింది. కాళ్ళతో గీరడం కాదు, ముక్కునే పారగా చేసి పెళ్ళలు పక్కకు నెట్టడం. దుంపలూ వేళ్ళూ దీని తిండి. తవ్విన చోట చిన్న గుంట మిగిలింది. ఒకటి తవ్వుతుంటే రెండోది మెడ నిక్కించి కాపలా కాసింది. తర్వాత వంతు మారింది.

ఫెజెంట్లంటే రంగులు గుర్తొస్తాయి. ఉత్తరాఖండ్ రాష్ట్ర పక్షి మోనాల్ మగదాని ఒంటి మీద ఆకుపచ్చ, రాగి, ఊదా అన్నీ లోహంలా మెరుస్తాయి. పక్కన నిలబడ్డ ఆడది మట్టి రంగు. చీర్ ఇంట్లో ఆ తేడా లేదు. ఆలుమగలిద్దరిదీ దాదాపు ఒకే వేషం. మోనాల్ లాగా ఒళ్ళు చూపించుకుని ఆడదాన్ని పిలిచే పద్ధతి కాకుండా, ఒక జంటగా బతికి పిల్లల్ని పెంచే పద్ధతి దీనిది. రంగు అక్కర్లేని కాపురం. గడ్డిలో కలిసిపోవడమే దానికి రక్ష.

ఈ పిట్ట దట్టమైన అడవిలో ఉండదు. పొదలు మరీ ముదిరినా ఉండదు. దానికి కావలసింది నిటారు వాలు, పరిమితంగా పెరిగిన గడ్డి. ఆ గడ్డి అలా ఉండాలంటే ఎవరో కోయాలి, లేదా పశువులు మేయాలి. కుమావూ పల్లెల్లో వానలు వెనకపట్టగానే ఆడవాళ్ళు కొడవళ్ళు పట్టుకుని ఈ వాలుల మీదికి వస్తారు. పిల్లి కూడా ఆలోచించి అడుగేసే చోట నడుము వంచి గడ్డి కోస్తారు, మోపులు కట్టి తల మీద పెట్టుకుని దిగుతారు. చలికాలమంతా పశువులకు అదే మేత. అలా కోసిన వాలే చీర్‌కు ఇల్లు. కోత మానేస్తే కొన్నేళ్ళకు పొదలు కమ్ముకుంటాయి, చీర్ వెళ్ళిపోతుంది. అడవిని మనిషి ముట్టుకోకపోతేనే పిట్ట బతుకుతుందని మనం అనుకుంటాం. ఈ పిట్ట మాత్రం కొడవలి చప్పుడున్న చోటే బతుకుతుంది. అలాగని విపరీతంగా మేపినా, గూడు పెట్టే రోజుల్లో నిప్పు పెట్టినా, గుడ్లు ఎత్తుకుపోయినా తట్టుకోలేదు. అందుకే ప్రపంచ జాబితాల్లో దీన్ని ముప్పు ఉన్న జాతిగా రాసుకున్నారు.

ఒకే మాను, రెండు దారులు

తిరిగి వస్తుంటే ఎండ బాంజ్ చిటారు కొమ్మలను తాకింది. చెట్ల కింద మాత్రం ఇంకా చలి. అడవి ఖాళీగా ఉంది. పక్షుల అడవిలో ఇంత నిశ్శబ్దమేమిటి అనుకునేలోపు ఎక్కడో 'సిట్ సిట్' అని సన్నటి పలుకు. "ఆగండి సర్‌జీ, గుంపు వస్తోంది" అన్నాడు కుర్రాడు.

మరుక్షణం చెట్టు నిండిపోయింది. ఎర్రటి నెత్తి, నల్లటి గొంతు ఉన్న బ్లాక్ థ్రోటెడ్ టిట్‌లు, బొటనవేలంత పిట్టలు, కొమ్మ చివరల తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆకుల అడుగు భాగాలు వాటి వంతు. వార్బ్లర్లు ఆకుల మధ్య సందుల్లో దూరుతున్నాయి. పసుపు పొట్ట ఫాంటైల్ తోక విప్పి ఎగిరే పురుగుల్ని గాల్లోనే పడుతోంది. లావు కొమ్మల మీద వడ్రంగిపిట్ట. పొదల దగ్గర ఇంకేవో. ఇన్ని జాతులు ఒక చెట్టు మీద పడ్డా కొట్లాట లేదు. ఎవరి చోటు వారిది. ఒకరు కదిలించిన పురుగు ఇంకొకరికి దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇన్ని జతల కళ్ళు ఆకాశం వైపు ఉన్నప్పుడు డేగ వచ్చిన సంగతి ఎవరికో ఒకరికి ముందే తెలుస్తుంది. ఒక్కరు కేక వేస్తే చాలు, అందరూ ఆకుల్లోకి మాయం.

రోడ్డు పక్కనే ఉన్న ఒక పాత బాంజ్ మాను మీద రెండు పిట్టలు పనిలో ఉన్నాయి. ఒకటి నట్‌హ్యాచ్. తల కిందికి పెట్టి మాను మీంచి దిగుతోంది. పై నుంచి చూస్తే కనిపించే బెరడు పగుళ్ళలో ముక్కు పెట్టి పొడుస్తోంది. రెండోది ట్రీక్రీపర్. మొదలు దగ్గర వాలి, గట్టి తోకను మానుకు ఆనించి, చుట్టూ తిరుగుతూ పైకి పాకుతోంది. కొడవలిలా వంగిన సన్నటి ముక్కు దానిది. కింది నుంచి చూస్తే కనిపించే పగుళ్ళు దాని వంతు. నట్‌హ్యాచ్ కంటబడని సాలీడు ట్రీక్రీపర్‌కు దొరికింది. మాను సగంలో రెండూ ఎదురయ్యాయి. ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. ఒకటి కిందికి, ఒకటి పైకి. పై అంచుకు చేరిన ట్రీక్రీపర్ పక్క చెట్టు మొదట్లోకి ఎగిరి మళ్ళీ మొదలుపెట్టింది. కొండ మొత్తాన్ని ఎత్తుల లెక్కన పంచుకున్న పిట్టలు, ఒక్క మానును కూడా దిక్కుల లెక్కన పంచుకున్నాయన్నమాట.

కాసేపటికి గుంపు తరలిపోయింది. చెట్టు మళ్ళీ ఖాళీ. ఆ గుంపు దాటిపోయాక గంటసేపు తిరిగినా ఒక్క రెక్క కనిపించకపోవచ్చు. హిమాలయ అడవిలో పిట్టలు అంతటా పరుచుకుని ఉండవు. గుంపు ఎక్కడుంటే అడవి అక్కడుంటుంది.

ఆమా నోట పిట్టకథలు

పంగోట్ మలుపులో టీ కొట్టు. పొయ్యి దగ్గర కూర్చున్న ముసలామెను ఊరంతా 'ఆమా' అంటుంది. నాయనమ్మకూ అమ్మమ్మకూ కుమావూలో అదే పిలుపు. అల్లం టీ గ్లాసు చేతికిస్తుండగా లోయ అవతల నుంచి ఒక ఏడుపు గొంతు లేచింది. 'పీ-ఓ, పీ-ఓ' అని ఆగకుండా. అది గ్రేట్ బార్బెట్. మన కంసాలి పిట్టకు పెద్దన్న. బలమైన పసుపు ముక్కు, నీలి తల, ఆకుపచ్చ రెక్కలు. ఎండిన చెట్టు కొమ్మ చివర కూర్చుని గంటల తరబడి అరుస్తుంది.

కోర్టులో తనకు అన్యాయం జరిగిందని కుమిలి చచ్చిపోయిన మనిషి ఆత్మే ఆ పిట్ట అని కొండవాళ్ళ కథ. 'అన్యావ్, అన్యావ్' అని అది ఇప్పటికీ మొర పెట్టుకుంటోందట. "వాడి కేసు ఇంకా తేలలేదు బాబూ" అంది ఆమా, నవ్వకుండా.

కాఫల్ కథ ఇంకా కన్నీళ్ళు పెట్టిస్తుంది. కాఫల్ ఈ కొండల్లో ఎండాకాలం మొదట్లో పండే ఎర్రటి చిన్న పండు. ఒక తల్లి బుట్టనిండా కాఫల్ కోసి, కూతురిని కాపలా పెట్టి పొలానికి పోయింది. తిరిగొచ్చేసరికి బుట్ట వెలితిగా ఉంది. నువ్వే తిన్నావని కొట్టింది. ఆకలితో ఉన్న పిల్ల ఆ దెబ్బకు ప్రాణం వదిలింది. సాయంత్రం చల్లబడి వాన పడ్డాక బుట్ట మళ్ళీ నిండుగా కనిపించింది. ఎండకు వాడి ముడుచుకున్న పళ్ళు తడికి ఉబ్బాయంతే. తల్లి గుండె పగిలింది. ఇద్దరూ పిట్టలయ్యారు. కాఫల్ పండింది, నేను రుచి చూడలేదు అని కూతురు పిట్ట కూస్తే, బుట్ట నిండే ఉంది తల్లీ అని తల్లి పిట్ట జవాబిస్తుంది. ఆ నాలుగు స్వరాల కూత కూసేది ఇండియన్ కుకూ, మన కోకిలకు దాయాది. చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చే రోజుల్లో, సరిగ్గా కాఫల్ పండే వేళకు దాని గొంతు ఈ లోయల్లో మొదలవుతుంది. ఆ కూత వింటూ ఏ ఇంట్లోనూ పిల్లల మీద చెయ్యి లేవకూడదనేమో పెద్దవాళ్ళు ఈ కథ కట్టారు.

పండగలోనూ పిట్టలే. మనకు సంక్రాంతి వచ్చిన రోజే వీళ్ళకు ఘుఘుతియా. ఘుఘుతి అంటే గువ్వ. గోధుమపిండిలో బెల్లం కలిపి రకరకాల ఆకారాలు చేసి నూనెలో వేయించి, దండ గుచ్చి పిల్లల మెడలో వేస్తారు. పిల్లలు తెల్లవారగానే బయటికొచ్చి కాకులను పేరు పెట్టి పిలిచి ఆ వంటకం పెడతారు. చలికి తిండి దొరకని రోజుల్లో కాకులకు అది విందు. అదే సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో ఇళ్ళ చూరుకు పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చులు కడతారు. మంచు కొండల కిందా, వరి చేల పక్కనా, ఏడాది పంటలో పిట్టకో పాలు తీయడం ఒకే రోజు.

మన వైపు నుంచి వచ్చే చుట్టం

ఈ కొండల కింది మెట్టుకు వేసవిలో మన దక్షిణాది నుంచి ఒక చుట్టం వస్తుంది. పొన్నంగి పిట్ట. గుప్పెడు ఒళ్ళు, మొండి తోక, ఆ కాస్త ఒంటి మీదే ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు, నలుపు, తెలుపు. హిందీవాళ్ళు నవరంగ్ అంటారు. చలికాలమంతా దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ తోటల నీడలో ఆకులు తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. ఎండలు ముదిరాక రాత్రిళ్ళు ఎగురుతూ ఉత్తరాదికి బయల్దేరుతుంది. దారిలో అలిసిపోయి ఊళ్ళలో, ఇళ్ళ పెరళ్ళలో, ఒక్కోసారి గదుల్లోకి వచ్చి పడుతుంది. 'రంగురంగుల వింత పిట్ట ఇంట్లోకి వచ్చింది' అని మన పత్రికల్లో అప్పుడప్పుడూ ఫొటో పడేది చాలాసార్లు దీనిదే.

అలా ఎగిరి ఎగిరి మధ్య భారతం అడవుల్లో కొన్ని ఆగిపోతాయి, మిగతావి హిమాలయ పాదాల సాల అడవులకు చేరతాయి. తొలకరికి ముందు ఈ అడవులు వాటి రెండు స్వరాల ఈలతో మోగుతాయి. గూడు కట్టి, పిల్లల్ని లేపి, వానలు వెళ్ళాక మళ్ళీ దక్షిణానికి. ఇంత దూరం వచ్చిన పిట్ట ఇంకాస్త పైకెక్కి పంగోట్ చూసి పోవచ్చు గదా! చూడదు. దాని మెట్టు కింది మెట్టే. దేశం పొడవునా ఎగరగలిగిన రెక్కలు ఆ కాస్త కొండదారి ఎక్కవు. దూరానికి వెరవని పిట్టకు కూడా ఎత్తు గీత గీసే తీరుతుంది.

1876 తర్వాత

నైనీతాల్ సరస్సుకు ఒక పక్క షేర్-కా-డండా అనే కొండ ఉంది. 1880 సెప్టెంబర్ 18న ఇది విరిగిపడి 151 మంది చనిపోయారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అంతకు నాలుగేళ్ళ ముందు అదే కొండ మీద జరిగిన ఇంకో సంగతి పిట్టల వాళ్ళకే తెలుసు. 1876లో అక్కడ ఒక హిమాలయ పూరేడు కనిపించింది. ఆ తర్వాత ఈ భూమి మీద దాన్ని చూసినట్టు నిలబడే రుజువు లేదు.

పూరేడు మనకు కొత్త కాదు. చేలల్లో కాళ్ళ కిందినుంచి బుర్రున లేచి మళ్ళీ గడ్డిలో పడేది. హిమాలయ పూరేడు దానికన్నా పెద్దది, తోక కాస్త పొడవు. మగదానికి ముదురు రంగు ఒళ్ళు, ఎర్ర ముక్కు, నుదుటి మీద తెల్లటి పట్టీ. 1846లో ఇంగ్లండులో దాన్ని శాస్త్రీయంగా వర్ణించారు. తర్వాత మసూరీ, నైనీతాల్ కొండల్లో కొన్నిసార్లు దొరికింది. ఇప్పుడు దాని ఆనవాళ్ళంటే మ్యూజియం సొరుగుల్లో ఉన్న కొద్దిపాటి చర్మాలే. అది బతికిన చోటు ఎలాంటిదో అప్పట్లో చూసినవాళ్ళ రాతల్లో ఉంది: నిటారు వాలు, ఎత్తైన గడ్డి, పొదలు. దాదాపు కాలు మోపేంతవరకూ కదిలేది కాదట. వేటకుక్క వాసన పడితే తప్ప లేచేది కాదట. లేచినా నాలుగడుగులు ఎగిరి మళ్ళీ గడ్డిలోకి. ఇలాంటి పిట్ట లేదని తేల్చడం ఉందని తేల్చడం కన్నా కష్టం. అందుకే దాన్ని అంతరించిన జాతుల్లో కలపలేదు, తీవ్ర ముప్పులో ఉన్నవాటి జాబితాలోనే ఉంచారు.

ఇప్పుడు పిట్టలు పంచుకున్న ఆ కొండ మెట్లకే కుదుపు వచ్చింది. ఎండలు పెరిగినకొద్దీ కొండల్లో చెట్లూ పిట్టలూ చల్లదనం వెతుక్కుంటూ పైకి జరుగుతాయి. ప్రపంచంలో చాలా పర్వతాల మీద ఇది జరుగుతోంది. కింది మెట్టువాళ్ళకు పైన చోటుంది. పై మెట్టువాళ్ళకు శిఖరం దాటితే ఆకాశమే. మరోపక్క బాంజ్ అడవి చోట చీడ్ పైన్ చొరబడుతోంది. పైన్ ఆకులను ఇక్కడ పిరూల్ అంటారు. రాలి ఎండిన పిరూల్‌లో జిగురు ఉంటుంది, నిప్పురవ్వ పడితే చాలు. 2024 ఏప్రిల్‌లో నైనీతాల్ పరిసరాల్లో అడవి తగలబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్ భీంతాల్ సరస్సులో నీళ్ళు ముంచి తెచ్చి కొండల మీద కుమ్మరించింది. బాంజ్ అడవి అంత తేలిగ్గా అంటుకోదు. దాని నీడన నేల తడిగా ఉంటుంది, ఊటలు బతుకుతాయి. బాంజ్ గింజలను పట్టుకుపోయి నేలలో దాచుకునే జే పిట్టలు కొన్నిటిని తవ్వుకోకుండా వదిలేస్తాయి. అవే రేపటి బాంజ్ మొక్కలు. అడవి పిట్టను పెంచితే పిట్ట అడవిని నాటుతోంది.

పంగోట్‌లో ఇప్పుడు పిట్టలు చూపించి బతికే ఇళ్ళున్నాయి. పట్నాలకు వలస పోవలసిన కుర్రాళ్ళు కొందరు కూత విని పిట్ట పేరు చెప్పే పనిలో ఊళ్ళోనే నిలబడ్డారు. అది మంచిదే. కానీ నాతో వచ్చిన కుర్రాడు దిగేటప్పుడు చెప్పిన మాట ఇంకో సంగతి వైపు చూపిస్తుంది. వాళ్ళమ్మ ఏటా వినాయక్ పక్క వాలులో గడ్డి కోస్తుందట. చీర్ ఎక్కడ గుడ్లు పెడుతుందో అతనికి నేర్పింది ఆమేనట. "పుస్తకం నేను తర్వాత కొన్నాను సర్‌జీ" అన్నాడు.

హిమాలయ పూరేడు కోసం శాస్త్రజ్ఞులు ఎన్నోసార్లు వెతికారు, ఇంకా వెతుకుతారు. అది నిజంగా మిగిలి ఉంటే, కాలు మోపితే తప్ప లేవని ఆ పిట్టను లేపేది రోడ్డు మీద నిలబడ్డ బైనాక్యులర్ కాదు. ఏ ఆశ్వయుజంలోనో నిటారు వాలు మీద నడుము వంచి, పిడికిట్లో గడ్డి పట్టి కొడవలి వేసే మనిషే దాన్ని ముందు చూస్తుంది. ఆమెకు దాని బొమ్మ చూపించి, చూస్తే ఎవరికి చెప్పాలో చెప్పి ఉంచడం వెతుకులాటలో మొదటి పని. ఆమెను ఆ వాలు మీద పశువులతో, గడ్డితో, బతుకుతెరువుతో నిలబెట్టడం రెండో పని. చీర్‌కైనా పూరేడుకైనా ఇల్లు కట్టి పెట్టింది ఆ కొడవలే.